శాంపిళ్ళు పంపకముందే నేర్చుకోండి: జీవశాస్త్ర పరిశోధకులకు బయోఇన్ఫర్మాటిక్స్ శిక్షణ దారులు

(తిరుపతిలో జీవశాస్త్ర పరిశోధక విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ హాల్లో బోటనీ వాళ్ళున్నారు, మైక్రోబయాలజీ వాళ్ళున్నారు, వెటర్నరీ వాళ్ళు, వ్యవసాయ కళాశాల వాళ్ళు కూడా వచ్చారు. రాబోయే ఏడాదిలో మీలో చాలామందికి ఏదో ఒక సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ అక్షరాల వరుస చదివే) కంపెనీ నుంచి హార్డ్ డిస్కో, డౌన్‌లోడ్ లింకో వస్తుంది. దాంతోపాటు రంగురంగుల బొమ్మలతో లావుపాటి రిపోర్టు కూడా వస్తుంది. ఆ బొమ్మల్ని ఉన్నవున్నట్టు థీసిస్‌లో అతికించేసి, వైవా రోజు "ఇక్కడ కటాఫ్ ఇంతే ఎందుకు పెట్టారు" అని అడిగితే నీళ్ళు నమలకూడదనే ఈరోజు ఈ మాటలు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఆ డేటాని కంప్యూటర్‌తో విశ్లేషించే పనికి, అంటే బయోఇన్ఫర్మాటిక్స్‌కి, శిక్షణ కరువు లేదు. ఉచితంగా, మంచిది, ఇంట్లో కూర్చుని నేర్చుకునేది కావలసినంత ఉంది. మనవాళ్ళు తప్పుతున్నది వేళ దగ్గర. డేటా చేతికొచ్చాక వర్క్‌షాప్ కోసం వెతుకుతారు. అప్పటికి సగం తప్పులు ట్యూబుల్లోనే జరిగిపోయి ఉంటాయి.

మన వేరుశనగనే తీసుకుందాం. కరువు తట్టుకునే జన్యువుల్ని వెతకాలనుకున్నారు. నీళ్ళు పెట్టిన మొక్కలు మూడు, ఎండగట్టినవి మూడు. నీళ్ళు పెట్టినవాటి నుంచి సోమవారం ఆర్‌ఎన్‌ఏ తీశారు, ఎండగట్టినవాటి నుంచి గురువారం తీశారు. మధ్యలో కొత్త కిట్ విప్పారు, పని చేసే మనిషి కూడా మారాడు. డేటా వచ్చింది, వేల జన్యువుల్లో తేడా కనబడింది. ఆ తేడా కరువు తెచ్చిందా, గురువారం తెచ్చిందా? ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. జన్యువుల తేడాలు లెక్కగట్టే డీసీక్‌2 ప్రోగ్రామ్‌లో బ్యాచ్ (ఏ రోజు తీసినది) అని ఒక కాలమ్ చేర్చి చూస్తే, మోడల్ మ్యాట్రిక్స్‌కి పూర్తి ర్యాంక్ లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. బ్యాచ్ కాలమ్, కరువు కాలమ్ అచ్చంగా ఒకటే కదా, రెండింటినీ విడదీసేదెలా? రెండు రోజులూ రెండు రకాల మొక్కల్నీ కలిపి తీసి ఉంటే పైసా ఖర్చు పెరిగేది కాదు. ఈ సంగతి ఏ మంచి ఆర్‌ఎన్‌ఏ-సీక్ (ఆర్‌ఎన్‌ఏని సీక్వెన్స్ చేసి ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచే పద్ధతి) కోర్సులోనైనా మొదటి గంటలోనే చెబుతారు. ఆ గంట శాంపిళ్ళు పంపకముందు దొరికితే ప్రాజెక్టు నిలబడుతుంది.

రిప్లికేట్ల (ఒకే స్థితిలో విడివిడి మొక్కల నుంచి తీసిన శాంపిళ్ళ) సంగతీ అంతే. మూడు కనీసం, ఆరు ఉంటే మేలు. ఒకే మొక్క నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏని మూడు ట్యూబుల్లో పోస్తే అవి మూడు రిప్లికేట్లు కావు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి? కమాండ్ అంటేనే భయపడేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: గెలాక్సీ. విశ్లేషణ ప్రోగ్రాములన్నీ ఒకచోట ఉన్న వేదిక ఇది. బ్రౌజర్‌లో నడుస్తుంది, మీ ల్యాప్‌టాప్‌లో ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో పబ్లిక్ సర్వర్లున్నాయి. యూరప్ సర్వర్‌లో పేరు నమోదు చేసుకుంటే 250 జీబీ జాగా ఇస్తారు. లెక్కలన్నీ అక్కడి కంప్యూటర్లే చేస్తాయి. దీనికి అనుబంధంగా గెలాక్సీ ట్రైనింగ్ నెట్‌వర్క్ అని ఉంది. వందల పాఠాలు, అన్నీ ఉచితం, ప్రతి పాఠానికీ అభ్యాస డేటా, ప్రశ్నలు, వాటి జవాబులు ఉంటాయి. ఏడాదికోసారి ప్రపంచం మొత్తానికి కలిపి వారం రోజుల ఆన్‌లైన్ శిక్షణ కూడా పెడతారు. వీడియోలు చూసి, చేసి, సందేహాలు రాసి అడగొచ్చు. అదీ ఉచితమే.

అందులో రిఫరెన్స్ (ఆ జీవికి ముందే తయారైన ప్రామాణిక జీనోమ్) ఆధారిత ఆర్‌ఎన్‌ఏ-సీక్ పాఠం ఒక్కటి శ్రద్ధగా చేస్తే చాలు, మిగతావి వాటంతట అవే తేలికవుతాయి. ఈగ కణాల్లో పసిల్లా అనే జన్యువుని అణచినప్పుడు ఏమవుతుందో చూసిన ప్రయోగం డేటా అది. అణచినవి మూడు శాంపిళ్ళు, అణచనివి నాలుగు. వాటిలో కొన్ని సింగిల్-ఎండ్ (ముక్కని ఒక కొస నుంచే చదివినవి), కొన్ని పెయిర్డ్-ఎండ్ (రెండు కొసల నుంచీ చదివినవి). అంటే డిజైన్‌లో రెండు అంశాలు ఎలా రాయాలో కూడా అక్కడే తెలుస్తుంది. ఎనిమిది గంటల పాఠమని రాసుంటారు. ఆ ఎనిమిది గంటలు చేయి తిరిగినవాళ్ళవి. మొదటిసారి చేసేవాళ్ళు మూడు నాలుగు రోజులు పెట్టుకోండి, సర్వర్‌లో క్యూ కూడా ఉంటుంది కాబట్టి.

ఆ పాఠంలో అందరూ గబగబా దాటేసే ఒక మెట్టుంది. అక్కడ కాస్త ఆగుదాం. లైబ్రరీ స్ట్రాండెడ్‌నెస్, అంటే సీక్వెన్సింగ్‌కి తయారుచేసిన ముక్కలు (లైబ్రరీ) డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏ దిక్కువో. ఈ రోజుల్లో కంపెనీలు ఎక్కువగా వాడే డీయూటీపీ పద్ధతి కిట్లు ఉల్టా స్ట్రాండ్ లైబ్రరీ ఇస్తాయి. ఏ జన్యువుకి ఎన్ని రీడ్లు (చదివిన చిన్న ముక్కలు) చేరాయో లెక్కపెట్టే ఫీచర్‌కౌంట్స్‌లో ఎస్ అనే ఆప్షన్‌కి 0 పెడితే స్ట్రాండ్ పట్టించుకోదు, 1 పెడితే సూటి, 2 పెడితే ఉల్టా. ఉల్టా లైబ్రరీకి పొరపాటున 1 పెట్టారనుకోండి. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, ఫైల్ శుభ్రంగా తయారవుతుంది. కాకపోతే జన్యువులకు చేరిన రీడ్ల శాతం ఎక్కడో అడుగుకి పడిపోతుంది. మిగిలిన ఆ కాస్త రీడ్లతోనే కొందరు వాల్కనో ప్లాట్ (జన్యువుల తేడాలు చూపే బొమ్మ) వేసి, పేపర్ కూడా రాసేస్తారు. అందుకే లెక్కింపు అయ్యాక వచ్చే సమ్మరీ ఫైల్ తెరవాలి. 'అసైన్డ్' వరుస మొదట చూడాలి, ఆ తర్వాత 'నో ఫీచర్స్' వరుస. అనుమానముంటే ఆర్‌సెక్‌క్యూసీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇన్ఫర్ ఎక్స్‌పెరిమెంట్ నడిపితే ఏ దిక్కు లైబ్రరీయో అదే చెప్పేస్తుంది.

అసైన్డ్ అచ్చంగా సున్నా వచ్చిందా? అయితే అది స్ట్రాండ్ గొడవ కాదు, పేర్ల గొడవ. యూసీఎస్‌సీ అనే సైట్ నుంచి తెచ్చిన జీనోమ్‌లో మొదటి క్రోమోజోమ్ పేరుకి ముందు 'సీహెచ్‌ఆర్' ఉంటుంది, ఎన్‌సెంబుల్ అనే ఇంకో సైట్ నుంచి తెచ్చిన జీటీఎఫ్‌లో (జన్యువులు ఎక్కడున్నాయో చెప్పే ఫైల్) ఉత్త అంకె ఉంటుంది. రెండూ ఒకటేనని మనకి తెలుసు, ప్రోగ్రామ్‌కి తెలీదు. జీనోమ్, జీటీఎఫ్ రెండూ ఒకే చోటు నుంచి, ఒకే విడుదల నుంచి తెచ్చుకోండి, ఈ బాధే ఉండదు.

మళ్ళీ వేరుశనగకొద్దాం. సాగు వేరుశనగ టెట్రాప్లాయిడ్ (క్రోమోజోముల సెట్లు నాలుగు), ఏ, బీ అని రెండు ఉపజీనోమ్‌లు. అడవి పూర్వీకుల జీనోమ్‌లు 2016లో, సాగు రకానిది 2019లో ప్రచురితమయ్యాయి. రెండు ఉపజీనోమ్‌లకీ పోలిక చాలా దగ్గర కాబట్టి ఒకే పొట్టి రీడ్ రెండు చోట్లా సమానంగా అతుకుతుంది. అలాంటి రీడ్లను ఫీచర్‌కౌంట్స్ మామూలుగా లెక్కలోకే తీసుకోదు. ఈగ డేటా మీదా, మనిషి డేటా మీదా నేర్పే వర్క్‌షాప్‌లో ఈ ఊసే రాదు. పుంగనూరు ఆవు మీద పనిచేసేవాళ్ళకి ఇంకో చిక్కు. ఎక్కువమంది వాడే ఆవు రిఫరెన్స్ జీనోమ్ హియర్‌ఫర్డ్ జాతి ఆవుది, మూపురం లేని జాతి. మన ఆవు మూపురమున్నది. రిఫరెన్స్‌కి దూరంగా ఉన్న భాగాల్లో రీడ్లు సరిగా అతకవు, అక్కడి వేరియంట్లు (జన్యు తేడాలు) తప్పిపోతాయి. కోర్సు ఎక్కడ చేసినా మీ జీవి గురించి ఈ ఒక్క ప్రశ్న జేబులో పెట్టుకుని వెళ్ళండి.

ఎన్‌జీఎస్ (ఇలా ఒకేసారి లక్షల ముక్కలు చదివే సీక్వెన్సింగ్) జోలికి పోనివాళ్ళు, డీఎన్‌ఏ బార్‌కోడింగ్ (చిన్న డీఎన్‌ఏ ముక్కతో జాతిని గుర్తించడం) చేసేవాళ్ళు కూడా ఇక్కడున్నారు. శేషాచలం పక్కనే ఉన్నాం కాబట్టి ఎర్రచందనంతో ఒక అభ్యాసం చెబుతాను, దీనికి రూపాయి ఖర్చు లేదు. జెన్‌బ్యాంక్ అనే బహిరంగ సీక్వెన్స్ డేటాబేస్ నుంచి టెరోకార్పస్ శాంటలినస్ (ఎర్రచందనం) ఆర్‌బీసీఎల్ జన్యువు సీక్వెన్స్ ఒకటి, మ్యాట్‌కే జన్యువు సీక్వెన్స్ ఒకటి దించుకోండి. మొక్కలకు ప్రామాణిక బార్‌కోడ్‌లుగా 2009లో ఎంచుకున్నవి ఈ రెండే. రెండింటినీ విడివిడిగా బ్లాస్ట్ చేయండి, అంటే డేటాబేస్‌లో వాటిని పోలినవి వెతకండి. పైన వచ్చిన మొదటి హిట్‌తో ఆగకుండా అదే ప్రజాతిలోని మిగతా జాతులు, వేంగిస లాంటివి, ఏ శాతంతో వచ్చాయో చూడండి. ఆర్‌బీసీఎల్‌లో దగ్గరి జాతుల మధ్య తేడా తరచుగా ఒకటి రెండు బేస్‌లకు మించదు. 99.8 శాతం వచ్చింది కాబట్టి ఇది ఎర్రచందనమేనని రాసేస్తే కుదరదు. క్వెరీ కవర్ (మీ సీక్వెన్స్‌లో ఎంత భాగం కలిసిందో) చూడాలి. ఈ-వాల్యూ (ఇలాంటి పోలికలు యాదృచ్ఛికంగా ఎన్ని రావచ్చో చెప్పే అంచనా) డేటాబేస్ పరిమాణంతో మారుతుందని గుర్తుండాలి. జెన్‌బ్యాంక్‌లో పేరు తప్పు పెట్టిన ఎంట్రీలు కూడా ఉంటాయని గుర్తుండాలి. రేపు ఈ ఫలితం అటవీ కేసులో సాక్ష్యంగా వెళ్ళొచ్చు మరి.

ఈ మాట దాటేముందు ఎక్సెల్ గురించి. జన్యువుల జాబితాని ఎక్సెల్‌లో తెరవగానే ఎస్ఈపీటీ2 కాస్తా సెప్టెంబర్ 2 అయిపోతుంది, ఎంఏఆర్‌సీహెచ్1 మార్చి 1 అయిపోతుంది. సప్లిమెంటరీ ఎక్సెల్ పట్టికలున్న జీనోమిక్స్ పేపర్లలో అయిదో వంతు దాకా ఈ తప్పుందని 2016లో లెక్క తేల్చారు. చివరికి 2020లో మనుషుల జన్యువుల పేర్లు పెట్టే కమిటీయే ఆ పేర్లు మార్చింది. పాత ఫైళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. ఫైల్‌ని నేరుగా తెరవకుండా ఇంపోర్ట్ చేసి, పేర్ల కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టుకోండి.

గెలాక్సీ తర్వాత రెండోది ఈఎంబీఎల్-ఈబీఐ, అంటే యూరప్ బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ, వాళ్ళ శిక్షణ. కేంబ్రిడ్జ్ దగ్గర హింక్స్‌టన్‌లో ఉంటుంది ఆ సంస్థ. మన వేళకి చూసుకునే పాఠాలు, రికార్డు చేసిన వెబినార్లు ఉచితం. యూనిప్రాట్ (ప్రోటీన్లది), ఎన్‌సెంబుల్, ఆల్ఫాఫోల్డ్ (ప్రోటీన్ల ఆకారాల అంచనాలది) డేటాబేస్ ఎలా చదవాలో ఆ డేటాబేస్‌లు నడిపేవాళ్ళే చెబుతారు. లైవ్ కోర్సులకు మాత్రం రుసుముంటుంది, దరఖాస్తు చూసి ఎంపిక చేస్తారు. ఆ దరఖాస్తులో "బయోఇన్ఫర్మాటిక్స్ నేర్చుకోవాలని ఆసక్తి" అని రాసేవాళ్ళకి సీటు రాదు. మీ దగ్గర ఏ జీవి డేటా ఉంది, ఎన్ని శాంపిళ్ళు, ఏ ప్రశ్న, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించారు, ఎక్కడ ఆగారు, ఇవి ఆరేడు వాక్యాల్లో రాయండి.

మన దేశంలో ఎన్‌పీటెల్, ఐఐటీల వంటి సంస్థల ఆన్‌లైన్ కోర్సుల వేదిక. జనవరిలో, జూలైలో కోర్సులు మొదలవుతాయి. ఐఐటీ మద్రాస్ వాళ్ళ బయోఇన్ఫర్మాటిక్స్ కోర్సుంది. పాఠాలు వినడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే వెయ్యి రూపాయల దాకా కట్టి కేంద్రానికి వెళ్ళి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 రావాలి, రెండూ విడివిడిగా. అసైన్‌మెంట్లు వదిలేసి పరీక్ష బాగా రాశానంటే కుదరదు. పీహెచ్‌డీ వాళ్ళకి ఇంకో ఉపయోగముంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్సువర్క్‌కి కనీసం 12 క్రెడిట్లు కావాలి. యూజీసీ గుర్తించిన ఆన్‌లైన్ కోర్సుల్ని అందులో భాగంగా మీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ సిఫారసు చేయొచ్చు. కోర్సు పూర్తయ్యాక కాదు, చేరేముందే కమిటీ చేత కాగితం మీద రాయించుకోండి. ఒక సంగతి మాత్రం చెప్పాలి: ఎన్‌పీటెల్ కోర్సులు సిద్ధాంతానికి బాగుంటాయి, చేతి పనికి చాలవు. సబ్‌స్టిట్యూషన్ మ్యాట్రిక్స్ (సీక్వెన్స్‌లో ఒక అక్షరం ఇంకోదానిగా మారితే ఇచ్చే స్కోర్ల పట్టిక) ఎలా కట్టారో అక్కడ నేర్చుకోండి, రీడ్లు ట్రిమ్ చేయడం (నాసి కొసలు కత్తిరించడం) గెలాక్సీలో నేర్చుకోండి.

కమాండ్ లైన్‌కి (కమాండ్లు టైపు చేసి పనిచేయించే పద్ధతికి) వెళ్ళాలనుకునేవాళ్ళకి కార్పెంట్రీస్ అనే బృందం పాఠాలు. షెల్ (కమాండ్లు ఇచ్చే చోటు), గిట్ (ఫైళ్ళలో మార్పుల చరిత్ర దాచేది), ఆర్, పైథాన్ భాషలు ఉంటాయి. డేటా కార్పెంట్రీ జీనోమిక్స్ పాఠంలో లెన్‌స్కీ అనే శాస్త్రవేత్త 1988 నుంచి పెంచుతూ వచ్చిన ఈ.కోలై బ్యాక్టీరియా డేటా మీద వేరియంట్లు పట్టడం నేర్పుతారు. బ్యాక్టీరియా జీనోమ్ చిన్నది కాబట్టి 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది. విండోస్ ఉన్నవాళ్ళు డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపేది) వేసుకోండి, పవర్‌షెల్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఒక్క కమాండ్ ఇస్తే ఉబుంటు లినక్స్ వచ్చేస్తుంది. అయితే డబ్ల్యూఎస్‌ఎల్ మామూలుగా ఉన్న ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది. 8 జీబీ మెషీన్‌లో మీకు దక్కేది 4. ప్రోగ్రామ్ మధ్యలో 'కిల్డ్' అని ఒకే ముక్క చెప్పి చచ్చిపోతే కారణం తొంభై పాళ్ళు అదే. మనిషి జీనోమ్‌కి స్టార్ అలైనర్ (రీడ్లను జీనోమ్‌కి అతికించే ప్రోగ్రామ్) వాడాలంటే 30 జీబీ ర్యామ్ కావాలి. అదే పని చేసే హైశాట్‌2కి, తయారు ఇండెక్స్ (జీనోమ్ సూచిక ఫైళ్ళు) దించుకుంటే, 8 జీబీ చాలు. సాఫ్ట్‌వేర్‌కి మినీఫోర్జ్ (ప్రోగ్రాములు దించి పెట్టే సాధనం) వేసుకుని, కొండా-ఫోర్జ్ ముందు, బయోకొండా తర్వాత వచ్చేలా ఛానెళ్ళు (అవి దించే చోట్లు) పెట్టుకోండి. అన్నీ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో (ప్రోగ్రాముల విడి అరలో) కుక్కకండి. ఒక పనికి ఒకటి. స్క్రిప్టుని నోట్‌ప్యాడ్‌లో రాస్తే లైను చివర కనబడని విండోస్ గుర్తొకటి చేరి, లినక్స్‌లో 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్' అంటుంది. డాస్‌టుయునిక్స్ ఒకసారి నడిపితే పోతుంది.

ముఖాముఖి శిక్షణల గురించి ఎక్కువ చెప్పను, తేదీలు ఏటేటా మారతాయి. ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) కిందున్న విశ్వవిద్యాలయాల అధ్యాపకులకి ఢిల్లీలోని వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థ, అంటే ఐఏఎస్‌ఆర్‌ఐ, 21 రోజుల శిక్షణలు పెడుతుంటుంది. వ్యవసాయం, వెటర్నరీ వాళ్ళు దాన్ని వదులుకోవద్దు. బెంగళూరులో ఐబీఏబీ, పుణెలో సీడాక్, హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ఈ సంస్థల ప్రకటనలు గమనిస్తూ ఉండండి. సైన్స్ అకాడెమీల వేసవి రీసెర్చ్ ఫెలోషిప్ రెండు నెలలు. అది విద్యార్థులకే అనుకుంటారు చాలామంది, ఉపాధ్యాయులూ దరఖాస్తు పెట్టొచ్చు. మంచి కంప్యూటేషనల్ ల్యాబ్‌లో రెండు నెలలు కూర్చుంటే పది వర్క్‌షాప్‌ల పెట్టు.

ఇక రెండు రోజుల్లో డాకింగ్ (ఒక అణువు ప్రోటీన్‌కి ఎలా అతుకుతుందో కంప్యూటర్‌లో అంచనా కట్టడం), ఎన్‌జీఎస్, డ్రగ్ డిజైన్, మెషీన్ లెర్నింగ్ అన్నీ నేర్పుతామని, ఈ-సర్టిఫికెట్ ఇస్తామని వాట్సాప్‌లో తిరిగే పోస్టర్ల సంగతి. డబ్బు కట్టేముందు అడగండి: ఏ డేటా మీద చేయిస్తారు? ఆ డేటా, స్క్రిప్టులు తర్వాత మాకిస్తారా? ఎంతమందికి ఒక సహాయకుడు? ఆరేడుగురికి ఒకరు లేకపోతే మొదటి పూటంతా ఇన్‌స్టలేషన్‌కే సరిపోతుంది. డాకింగ్ అయితే ఇంకో ప్రశ్న: రీడాకింగ్ చేయిస్తారా? క్రిస్టల్ నిర్మాణంలో అప్పటికే ఉన్న లైగాండ్‌ని (ప్రోటీన్‌కి అతుక్కున్న చిన్న అణువుని) బయటికి తీసి, మళ్ళీ డాక్ చేస్తే అసలు చోటికి 2 ఆంగ్‌స్ట్రమ్‌ల లోపు తిరిగి రావాలి. అది రాకపోతే తులసిలోని ఏ అణువుకి మైనస్ 9 స్కోరొచ్చినా (ఎంత తక్కువైతే అంత గట్టి అతుకని అర్థం) దానికి విలువ లేదు. ఈ మెట్టు చెప్పని డాకింగ్ వర్క్‌షాప్‌కి పోకండి, ఆ డబ్బుతో ఒక ఎస్‌ఎస్‌డీ కొనుక్కోండి.

అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది మన ఊళ్ళోనే ఉంది. ఎస్వీయూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, వెటర్నరీ విశ్వవిద్యాలయం, స్విమ్స్, ఐసర్, ఐఐటీ, ఇన్ని సంస్థలు ఒక్క ఊరి చుట్టూ ఉన్నాయి. తిరుపతిలో ఉంటూ కొండెక్కనివాళ్ళలాగ ఒకరి గడప ఒకరు తొక్కం. వారానికి రెండు గంటలు, ఎనిమిది మంది, ఒక ప్రొజెక్టర్. ఒకరు కమాండ్లు అందరి ముందూ టైపు చేస్తూ పోవాలి, మిగతావాళ్ళు వెంట టైపు చేయాలి. చెప్పేవాళ్ళు స్లైడ్లు వేయకూడదు. వేస్తే వేగం పెరిగిపోతుంది. ల్యాప్‌టాప్ మీద రెండు రంగుల చీటీలు పెట్టుకోండి, అయిపోతే పచ్చది, ఇరుక్కుంటే ఎర్రది. చెయ్యెత్తడానికి మొహమాటపడేవాళ్ళు చీటీ అంటించడానికి పడరు.

ఇక్కడ ఎక్కువగా చెడేది నెట్ దగ్గర. 3 కోట్ల జత రీడ్లున్న ఒక్క శాంపిల్ కుదించిన ఫైలే 3 నుంచి 5 జీబీ. ఇరవై మంది ఒకే వైఫై మీద దించితే ఆ రోజు అంతటితో సరి. ముందురోజే దించి, సెక్‌టీకే అనే ప్రోగ్రామ్‌తో లక్ష రీడ్లు మాత్రం శాంపిల్ తీసి, పెన్‌డ్రైవ్‌లో పంచండి. రెండు జత ఫైళ్ళకీ ఒకే సీడ్ అంకె (యాదృచ్ఛిక ఎంపికని నిర్ణయించేది) ఇవ్వాలి, లేకపోతే జతలు చెదిరిపోతాయి. గెలాక్సీతో నేర్పేట్టయితే శిక్షణల కోసం ప్రత్యేక క్యూ ఉచితంగా ఇస్తారు, కొన్ని వారాల ముందే ఫారం నింపాలి. అప్పుడు తరగతి మధ్యలో జాబ్ బూడిద రంగులో అలా వేలాడదు.

ఆసుపత్రి వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఒక హెచ్చరిక. రోగుల సీక్వెన్స్ డేటాని అభ్యాసం కోసం పబ్లిక్ సర్వర్‌కి ఎక్కించకండి. పేరు తీసేశాం కదా అంటే సరిపోదు, జీనోమే ఒక గుర్తింపు. ఎథిక్స్ కమిటీ అనుమతిలో ఏం రాసుందో చూసుకోండి. నేర్చుకోవడానికి ఎస్‌ఆర్‌ఏ అనే సీక్వెన్స్ భాండాగారంలో ఉన్న బహిరంగ డేటా చాలు. డెక్సామెథసోన్ అనే మందు ఇచ్చిన శ్వాసనాళ కండర కణాల డేటా, ఎయిర్‌వే పేరుతో బయోకండక్టర్‌లో (జీవశాస్త్ర డేటాకి ఆర్ ప్యాకేజీలు దొరికే చోటు) తయారుగా ఉంది. నాలుగు సెల్ లైన్లు, ఎనిమిది శాంపిళ్ళు. ఒక్కో లైన్ నుంచి మందు ఇచ్చినదొకటి, ఇవ్వనిదొకటి, మనం మొదట్లో చెప్పుకున్న డిజైన్ ఎలా ఉండాలో అచ్చంగా అలా ఉంటుంది.

ఎక్కడైనా ఇరుక్కుని సాయం అడిగేటప్పుడు స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపకండి. ఎర్రర్ మొత్తాన్ని, పై లైన్లతో సహా, కాపీ చేసి పెట్టండి. ఇచ్చిన కమాండ్, ప్రోగ్రామ్ వెర్షన్, ఫైల్‌లో మొదటి నాలుగు లైన్లు కూడా పెట్టండి. ఆర్ అయితే సెషన్ ఇన్ఫో (వాడిన వెర్షన్ల జాబితా). సగం సార్లు ఇవన్నీ పోగేస్తుండగానే తప్పెక్కడుందో మీకే కనబడుతుంది. మిగతా సగానికి గంటలో జవాబొస్తుంది.

ఇక మీరు అడగండి. మీ డేటా ఏ జీవిది, ఏ దశలో ఉంది, అది ముందు చెప్పి అడగండి.